దొర చీటీ

చిట్యాలలో బస్సు దిగిన కొడుకును తీసుకుని, అతని ట్రంకుపెట్టె తన నెత్తిన పెట్టుకుని, తండ్రి ముందు నడుస్తున్నాడు. వెనకాల కొడుకు కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటుంటే ఆయనకు సన్నాయి విన్నట్టుంది.

"పట్నం కాలేజీల నీకు ఏ క్లాసు ఇష్టం కొడుకా?"

"కచేరి క్లాసు బాపు. కోర్టుల వాదించుడు నేర్పెటందుకు చీటీలు తీపిస్తరు. ఒకలు దొర, ఒకలు రైతు. మొన్న నాకు దొర చీటీ వచ్చింది."

"మరి రైతు ఎవలు?"

"మన గడి చిన్నదొర."

నెత్తిమీది పెట్టె జారబోయి ఆగింది.

"మెల్లగ మాట్లాడు! ఆయన్నేమన్నవు?"

"'చెప్పులు విడిచి నిలబడుర' అన్న. 'ఇయ్యాల్టి సంది ఊర్ల వెట్టి బందు' అని హుకుం గూడ ఇచ్చిన. క్లాసంత ఒకటే చప్పట్లు!"

"చిన్నదొర ఊకున్నడా?"

"'నీ బాంచెను దొరా' అన్నడు గని, ఆయనకు వంగుడే రాలె. నేనే దొర కుర్సీ దిగొచ్చి వంగి సూపిచ్చిన. గది సూసి ప్రొఫెసర్ సాబు నాకే ఎక్కువ మార్కులేసిండు."

తండ్రి మురిసిపోయాడు. అంతలో మలుపు తిరగగానే దొర ఉండే గడి బురుజు కనబడింది. దాని ముందు నుంచి చెప్పులతో నడిచిన రైతు ఆ ఊళ్లో లేడు. హుకుములిచ్చి వచ్చిన కొడుకుకు ఆ మాట ఎట్లా చెప్పాలో ఆయనకు తోచలేదు.

"కొడుకా, జర నీ చెప్పులు..."

"ఎప్పుడో విడిచిన బాపు. సంకల పెట్టుకున్న, నడువు."