పదో నంబరు పొట్టి సాకెట్

ఆమె చంటిపిల్లతో కారు తీసుకుని వెళ్లిన కాసేపటికి, ఆ కారు ఇంజన్ బాగుచేసిన ఆమె భర్త, ఆమె తమ్ముడు షెడ్డులో పనిముట్లు సర్దుతున్నారు.

"బావా, పదో నంబరు పొట్టి సాకెట్ ఏది?"

"బోల్టులు బిగించే గాలి రాట్చెట్‌కే తగిలించి ఉంటుంది చూడరా."

"లేదు. ఆఖరి బోల్టు నువ్వేగా బిగించావు?"

"అవును. సందు ఇరుకు. చెయ్యి లాగేటప్పుడు వేలు సాకెట్ వదిలే బటన్ మీద పడినట్టుంది."

"అయితే సాకెట్ ఊడి బోల్టు మీదే ఉండిపోయింది. పక్కనే తిరిగే బెల్టు. జారి అందులో పడితే ఇంజన్ నడిరోడ్డు మీద పట్టేస్తుంది."

"కొండదారి ఎక్కకముందే అక్కకి ఫోన్ చెయ్యి."

"ఇందాకట్నుంచీ అదే చేస్తున్నాను."

"మరి ఎత్తదేం?"

"బండి నడుపుతూ ఫోన్ ముట్టనని, అక్క చేత పిల్ల మీద ఒట్టు వేయించుకుంది నువ్వే కదా బావా."