అల్లునికి పోయిన ఉత్తరం

అది 1964. డాక్టరేటు ముగించుకొని ఉరవకొండ దగ్గరి తమ చేనికొచ్చిన కొడుకు ముఖం చూడగానే తండ్రికి అనుమానం వచ్చింది.

"పైపరిశోధనకు ఫెలోషిప్పు రాలేదా?"

"వచ్చింది నాయనా, మా ప్రొఫెసరు అల్లునికి."

"నీకు సిఫారసు రాస్తానన్నాడు కదప్పా?"

"ఆయన యాడ రాస్తాడు? మేమే రాసుకొని పోతాము, ఆయన సంతకం చేస్తాడు. శెనక్కాయ ఆకుమచ్చ తెగులు మీద నాలుగేండ్లు చేసిన పనంతా రాసిచ్చినా. శానా బాగుండాదన్నాడు. నా పేరు తీసి అల్లుని పేరు పెట్టి సంతకం చేసినాడు."

"వాడు శెనక్కాయ చేను చూసినాడా?"

"వేయించిన కాయలు చూసింటాడు."

"మరి నేను ఏటేటా పొట్లాలు కట్టి పంపిన ఆకులు?"

"అవీ వాని పనే అయిపాయ."

తండ్రి వంగి, నల్లమచ్చలు పడిన ఆకొకటి తుంచాడు.

"ఈ ఏడూ వచ్చింది. పొట్లం యాడికి పంపాల్రా, ఆ అల్లునికా?"