కోరంగి సూరప్ప ఎక్కిన అమెరికా ఓడ

ఏసీలోంచి కారుతున్న నీళ్ళకి చెయ్యి అడ్డం పెట్టాడు. పీరయ్య చేసిందల్లా అంతే. కథ చెప్పడం కూడా ఆ మాటతోనే మొదలుపెట్టాడు.

శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయిపోయింది. సౌదీలో కొండల మీది ఊరు అభా. అక్కడి పార్కులో మబ్బు కిందికి దిగి చెట్ల మధ్య తిరుగుతోంది. చాప మీద ఫోర్‌మన్ మహబూబ్ సుభాని, ఆయన భార్య తాజున్నీసా, ఆయన కింద పనిచేసే ఇద్దరు ఏసీ మెకానిక్కులు: కాకినాడ పీరయ్య, నిర్మల్ నర్సింలు. ఫ్లాస్కులో టీ, కాగితంలో పకోడీ, కొమ్మ మీద ఆ పకోడీ మీదే కన్నేసిన కోతులు.

కొండల కింద సముద్రం ఒడ్డున జీజాన్ రేవులో, చేపల పడవల్లో ఐసు పెట్టెలు బాగుచేసే షెడ్డుకి కంపెనీ ఒక మెకానిక్కుని పంపాలి. రేపు పొద్దున్న సుభాని ఒక్క పేరు ఇవ్వాలి. నర్సింలుకి అడగడం రాదు. పీరయ్యకి అడగడం నామోషీ. ఈ పక్క ఊరు ఖమీస్ ముషైత్‌లో మేడల మీద ఎండకి మాడిన ఇన్నేళ్ళూ అతను కోరుకున్నది ఒక్కటే, ఉప్పుగాలి తగిలే చోట పని. అడక్కుండా ఇప్పించుకునే దారి అతనికి ఒకటే తెలుసు. కథ చెప్పడం.

పక్క చాప మీద ఒక సౌదీ కుటుంబం ఉంది. వాళ్ళింట్లో పనిచేసే ఆశా తెలుగు మాట వినపడి ఇటొచ్చింది. పిల్లలు ఉయ్యాలల దగ్గరున్నారు, కాసేపు తీరిక. తాజున్నీసా జరిగి చోటిచ్చింది. కొత్త చెవులు దొరికాయని పీరయ్య గొంతు సవరించుకున్నాడు.

"మొన్న అమెరికా ఇంజినీరు హార్విక్ గారి విల్లాకి వెళ్ళామాండీ. ఏసీలోంచి టపటపా నీళ్ళు. కింద గోడకి పటం. పటంలో నీలం కోటు దొర, భుజాల మీద బంగారు కుచ్చులు, వెనకాల ఓడ. ఇంకో చుక్క పడితే దొర ముక్కు కరిగిపోయేదే. నేను చెయ్యి అడ్డం పెట్టాను."

"అది నిజమే. నిచ్చెన నేనే పట్టుకున్న," అన్నాడు నర్సింలు.

సాక్షి దొరికాక పీరయ్యని పట్టేవాడెవడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు పరిగెత్తుకొచ్చాడు. 'పీరయ్యా, ఈయన మా తాతలకి తాత. అమెరికాకి యుద్ధపు ఓడలు కొత్తగా పుట్టినప్పటి కెప్టెన్' అన్నాడు. ఆయన కొడుకూ కెప్టెనే, మనవడూ కెప్టెనే. వాళ్ళ దేశంలో ఆ ఇంటిపేరుతో ఓ ఓడ, ఓ వీధి, ఓ బడి. పెద్దకొడుక్కి తండ్రి పేరే పెడతారు. మన సారు ఏడోవాడు."

"ఏడుగురికి ఒకటే పేరైతె, పిలిస్తె ఎవలు పలుకుతరే?"

"ఎవడికి ఆకలేస్తే వాడు పలుకుతాడు. అడ్డు రాకు నర్సింలూ. నేను పటంలో ఓడని చూశానాండీ. చూసి, 'సార్, ఈ తెరచాప కొయ్య మీవాళ్ళది కాదు. కోరంగిలో ఓడలు కట్టిన మా తాతల తాత, సూరప్ప మేస్త్రి చెక్కింది' అన్నాను. సారు కుర్చీలో కూలబడ్డాడు."

"పటంల కొయ్య జూసి, చెక్కినోని పేరు చెప్పినవా?"

"కంప్రెసర్ చప్పుడు వింటే ఏ కంపెనీదో చెప్పవూ నువ్వు? ఇదీ అంతే."

సుభాని మీసం కింద నవ్వాడు. ఆ నవ్వు చూసి పీరయ్య చాప మీద ఒక జానెడు ముందుకి జరిగాడు.

"ఈ కొండ దిగి దక్షిణంగా పోతే యెమెన్, అక్కడ మోఖా రేవు. కాఫీ గింజల ఓడల్ని దొంగలు దోచేస్తున్నారని కాపలాకొచ్చింది హార్విక్ దొర ఓడ. ముప్పై ఆరు ఫిరంగులు! తుఫాను పట్టి అడుగున ఇంత కంత పడింది. దొరలందరూ దేవుణ్ణి తలుచుకుంటున్నారు. పక్కనే కోరంగి పడవలో చుట్ట కాల్చుకుంటున్న మా సూరప్ప దూకాడు. నీళ్ళ కిందికి పోయి ఆ కంతకి వీపు ఆనించి కూర్చున్నాడు. చుట్ట ఆరలేదు. సొరచేపలొచ్చాయి, వాసన చూశాయి, 'మన కోరంగి మేస్త్రే' అనుకుని తప్పుకున్నాయి."

"యా అల్లా!" అంది తాజున్నీసా, టీ ఒలకబోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా భాభీ? గాలికి తెరచాప కొయ్య ఫెళ్ళున విరిగింది. నడిసముద్రం, నలభై నాలుగు ఫిరంగుల ఓడ..."

"ఇందాక ముప్పై ఆరే అన్నవ్."

"తుఫానులో ఈనాయి. సూరప్ప పైకొచ్చి, విరిగిన కొయ్య చోట నిలబడి, రెండు చేతులూ చాపి, 'కట్టండ్రా తెరచాప!' అన్నాడు. అలాగే నిలబడి అమెరికా దాకా తీసుకుపోయాడు. దారిలో కొంగలు ఆయన తలమీద గూడు పెట్టాయి. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. పిల్లలు పడిపోతాయని ఆయన తుమ్ము కూడా ఆపుకున్నాడు. దొంగలు ఫిరంగి గుళ్ళు పేలిస్తే తాటిముంజల్లా నోటితో అందుకుని తిరిగి ఉమ్మాడు."

చెబుతున్నకొద్దీ పీరయ్యకి ఆ కొయ్యా, ఆ గాలీ నిజంగానే కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. తన ఇంటి మనిషే. అయి తీరాలి.

"అమెరికాలో దిగ్గానే సగం ఓడలు రాసిచ్చేస్తామన్నారు. 'మా వీధిలో పెట్టుకోడానికి చోటు లేదండీ' అన్నాడు మా వాడు. దాంతో హార్విక్ దొర వీలునామా రాశాడు. తన వంశంలో ఎవడు ఓడెక్కినా ముందు కోరంగి వైపు తిరిగి సెల్యూట్ కొట్టాలని. ఏడు తరాలూ కొట్టాయి. మొన్న ఏడోవాడు నిచ్చెన కింద నిలబడి నాకే కొట్టాడు."

"నిచ్చెన కింద ఉన్నది నేను గదనే!"

"నువ్వు అటు తిరిగి ఉన్నావు."

సుభాని పగలబడి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఓడంటే నీ రక్తంలోనే ఉందంటావు పీరయ్యా. జీజాన్‌కి నిన్నే పంపాలన్నమాట."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ పీరయ్య ఎప్పుడు ఆగాడు గనక?

"ఉందా అని అడుగుతారేంటి భాయ్! అసలుది ఇంకా వినలేదు మీరు. కొత్త కొయ్య చెక్కాక దొర ఆ ఓడనే సూరప్ప చేతిలో పెట్టాడు. ఎర్రతోలు కిర్రుచెప్పులు కుట్టించి తన చేత్తో తొడిగాడు. ఆ చెప్పులేసుకుని మా వాడు ఓడ మీద ఈ కొసనించి ఆ కొసకి కిర్రు కిర్రుమని నడుస్తుంటే, డెబ్బై రెండు ఫిరంగులూ వాటంతటవే..."

"చెప్పులతోనా?"

ఆశా నోరు విప్పడం అదే మొదలు.

"ఆయ్, చెప్పులతోనేనమ్మా. ఎర్ర..."

"మాది ఉప్పాడ అన్నయ్యగారూ. మా నాన్న పడవ నడిపే సరంగు. కొయ్య బదులు నిలబడ్డాడన్నారు, సరే అనుకున్నాను. కొంగలు గూడెట్టాయన్నారు, పాపం అనుకున్నాను. కానీ పడవంటే అమ్మవారండీ. చంటిపిల్లాడి చెప్పులైనా ఇసకలో విడిపించే ఎక్కిస్తాం. ఓసారి ఆఫీసరెవరో బూట్లతో కాలు పెట్టబోతే, ఆయన విప్పేదాకా మా నాన్న తాడు విప్పలేదు. ఓడని చెక్కినోడు దాన్నే చెప్పులతో తొక్కాడా?" ఆమె గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే నొచ్చుకుంది. "మీ ఇంట్లో ఎవరన్నా, ఎప్పుడన్నా పడవెక్కారా అన్నయ్యగారూ?"

పీరయ్య చాప మీద ఒక జానెడు వెనక్కి జరిగాడు. వాళ్ళ నాన్నకి జగన్నాథపురం వంతెన దగ్గర సైకిల్ షాపు. ఆ ఇంట్లో నీళ్ళలో మునిగినవి పంక్చరైన ట్యూబులు మాత్రమే.

"అమెరికా ఓడల్లో... ఆ రోజుల్లో ఆచారం..." అని గొణిగాడు.

సుభాని నవ్వడం మానేశాడు. "జీజాన్‌లో పడవలోళ్ళు సగం మన తీరం వాళ్ళే పీరయ్యా. మొదటిరోజే నువ్వు బూట్లతో ఎక్కితే నన్ను కూడా సముద్రంలోకి తోస్తారు." పక్కకి తిరిగాడు. "నర్సింలూ, రేపు నీ పేరిస్తున్నా."

నర్సింలు బిత్తరపోయాడు. పీరయ్య వైపు చూశాడు, ఆశా వైపు చూశాడు.

"నేను సముద్రమే సూడలే భాయ్," అన్నాడు. చాప పక్కన విడిచిన తన చెప్పుల వైపు చూశాడు. "గానీ చెప్పులిడుసుడు వస్తది."