చిరుతపులి మోసే పీట

కామెరూన్ కొండల్లో, రాజుగారి పీటలు చెక్కే ముసలి మోకోమ్ కొట్టం. మిట్టమధ్యాహ్నం. రాజుగారి చిన్నభార్య లుమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మళ్లీ అడక్కు లుమ్. చెప్పనన్నానుగా."

"పేరు అడగలేదు తాతా. కొత్త రాజు పెద్దవాడా, కుర్రాడా? అదొక్కటే."

"అదీ చెప్పకూడదు. పెద్దలు కొత్త రాజుని పట్టుకుని పీటెక్కించేదాకా ఎవరికీ తెలియకూడదు. రాజుగారు కనబడకుండా పోయిన దగ్గర్నుంచీ..."

"చనిపోయారు. ఇక్కడెవరూ లేరుగా, అనొచ్చు."

"అనకూడదు. కనబడటంలేదు, అంతే. అప్పట్నుంచీ నీ సవతులు ఒకరి వెనక ఒకరు. ఒకావిడ కోడిపుంజు, ఒకావిడ తాటికల్లు. మావాడేనా, మావాడేనా అంటూ."

"నేనేం తేలేదు."

"అందుకే నిన్ను తిట్టలేకపోతున్నా."

"నాకు మావాడు కాకూడదు తాతా. మా ఆంబేకి లారీ అంటే ప్రాణం. సాయంత్రం దువాలా రేవుకి సరుకు లారీ వెళ్తోంది. నువ్వు ఊఁ అంటే చాలు, వాణ్ణి ఎక్కించేస్తా. పెద్దలు పట్టుకున్నారంటే ఇక వాడు..."

"రాజవుతాడు."

"నా ముందు ముద్ద నోట పెట్టడు. నేను చప్పట్లు కొట్టి, వంగి, నోటికి దోసిలి అడ్డంపెట్టుకుని మాట్లాడాలి. కన్నకొడుకుతో!"

"మన పద్ధతి అది."

"కప్పలు చెక్కిన నా పీట నాకు చాలు. పిల్లలు కలగాలని నువ్వే చెక్కిచ్చావు. ఒక్కడే కలిగాడు."

"అది కప్పల తప్పు కాదు."

"నవ్వించకు. నువ్వు చెక్కే ఆ రాజపీట కింద చిరుతపులేంటి, అలా పళ్లు బయటపెట్టింది?"

"రాజు బరువు మోస్తోంది మరి."

"మోస్తోందా, ఎత్తుకుపోతోందా?"

"నాకేం తెలుసమ్మా! ముగ్గురు రాజులకి చెక్కాను. మొదటిసారి గర్వంగా ఉండేది. ఇప్పుడు నడుంనొప్పి తప్ప ఇంకేం లేదు."

"ఊఁ అనొద్దులే. తల ఊపు."

"ఊపను."

"పోనీ, కాదని ఊపు."

"అలిసిపోయాను లుమ్."

"నేను మాత్రం? ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పెద్దభార్యలు నా ఏడుపులో కూడా తప్పులు వెతుకుతున్నారు. సరే, వెళ్తా. నువ్వు చెప్పవు."

"ఆగు. ఆ మూలనున్నది ఇలా లాగు."

"అమ్మో, ఇదీ చిరుతే! చిరుత రాజుకే, నేను ముట్టుకోకూడదు. అయినా ఒక్క రాజుకి రెండు పీటలెందుకు?"

"అది రాజుది కాదు. రాజుగారి తల్లిది."

"అయితే తాతా, సాయంత్రం లారీ..."

"కూర్చోండమ్మా. మీకు సరిపోయిందో లేదో చూడాలి."