రాన్ అంకుల్ ముత్తాత ఊరు

2006 మార్చి. న్యూజిలాండ్‌లోని మనురేవాలో ఆసుపత్రి ముందు భర్త కారు ఆపి పది నిమిషాలైనా ఆమె దిగలేదు. పొద్దున స్వీడన్‌లోని పాత రికార్డుల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒళ్లోనే ఉంది.

“దిగవేం? మన పక్కింటి పెద్దాయన ఎదురుచూస్తుంటారు.”

“రాన్ అంకుల్‌కి వాళ్ల ముత్తాత ఊరు తప్పు చెప్పానండీ.”

“రెండేళ్లు వెతికావుగా! గోత్రం కూడా కనుక్కుంటావనుకున్నాను.”

“నవ్వకండి. ఆయన పేరు చివర ఆండర్సన్ అంటే మనలాగే ఇంటిపేరనుకుని, అది పట్టుకునే ఆ ఊరిదాకా వెళ్లాను. ఆ ముత్తాత ఇక్కడికి ఓడెక్కిన రోజుల్లో స్వీడన్‌లో మామూలు జనానికి ఇంటిపేర్లే లేవట. ఆండర్స్ కొడుకైతే ఆండర్సన్, అంతే. నేను పట్టుకున్నది వేరే ఎవరి వంశమో.”

“మరి అసలు ఊరు?”

“ఆ పేరుతో వచ్చినవాళ్లు బోలెడుమందట. ఇక తేలదని రాశారు.”

“పోనీ, చెప్పెయ్.”

“తన బూడిద ఆ ఊరి సరస్సులో కలపమని కూతురి దగ్గర మాట తీసుకున్నారండీ.”

“అయితే చెప్పకు.”

“చెప్పకపోతే ఎవరి ఊళ్లోనో కలుస్తారు. చెబితే ఏ ఊరూ లేకుండా పోతారు.”

“డాక్టర్లేమన్నారు?”

“ఈ వారం దాటడం కష్టమన్నారు.”

“నన్ను కూడా రమ్మంటావా?”

“వద్దు. రోజూ ఆ ఊరి పేరు నా నోట ఒకసారి విని కళ్లు మూసుకుంటారు. ఇవాళా అడుగుతారు.”

ఆమె ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఒక కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగింది.

“ఏవండీ, ఆ పేరు మర్చిపోయానంటే నమ్ముతారంటారా?”