మధ్యలో నెల్

వేల్స్ కొండల్లో, రెండువేల పంతొమ్మిది అక్టోబరు. అన్న ఎమ్రిస్, తమ్ముడు గెథిన్ తమ గొర్రెల్ని కొండ మీద నుంచి కిందికి తోలుతున్నారు. యూరప్ కూటమిలో దేశం ఉండాలా, బయటికి పోవాలా అన్న ఓటు జరిగి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఏమన్నా చెప్పుకోవాలంటే వాళ్ళ నాన్న వదిలిపోయిన కుక్క నెల్ ఉంది.

"రేపు అమ్మకానికి లారీలో అన్నీ ఎక్కిస్తున్నాడా, ముసలివాటిని మాత్రమేనా? మీ పెద్దాయన్ని అడుగు నెల్."

"అన్నీ. నిన్ననే చెప్పానని మీ చిన్నాయనతో అను. ఎడంపక్క నుంచి తిరుగు నెల్. నెమ్మదిగా."

"నిన్న చెప్పింది వంటింటి గోడకి. అవతల ఉన్నవాళ్ళకి సగమే వినపడింది."

"ఇంటి మధ్యలో ఆ గోడ కట్టించింది ఎవరో కూడా చెప్పమను."

"నేనే కట్టించాను, సరేనా? గోడ కట్టినవాడే ఇప్పుడు అడుగుతున్నాడు. కొండ ఖాళీ చేస్తే మళ్ళీ నింపగలమా? దీనికి కంచె లేదు. తల్లి గొర్రె పిల్లకి చూపిస్తుంది, ఈ వాగు దాకా మనది, అవతల ప్రైస్ వాళ్ళది అని. దానికి దాని తల్లి చూపించింది. మన ముత్తాత నాటి నుంచీ అంతే. రేపు అన్నీ లారీ ఎక్కితే ఆ సంగతి చెప్పే గొర్రె ఒక్కటి కూడా మిగలదు. కొత్తవి కొనుక్కొచ్చి వదిలితే సాయంత్రానికి ఊళ్ళో రోడ్డు మీద తిరుగుతుంటాయి."

"ఇదంతా నాకు తెలీదనా? వీడు పుట్టకముందే నేనీ కొండెక్కాను."

"తెలిసినవాడు అమ్మడు గదా అంటున్నాను నెల్."

"సుంకం. నెలాఖరుకి ఒప్పందం లేకుండా బయటపడితే సముద్రం అవతల మన గొర్రెపిల్ల మీద సగానికి సగం సుంకం వేస్తారట. రేడియోలో రోజూ అదే గోల. ఫ్రాన్సు వాడు కొనకపోతే మనవి ఎవరు తింటారు? ఈ ఊరివాళ్ళా? వీళ్ళు ఆదివారం కూడా కోడే తింటున్నారు."

"ఆహా. గేటుకి బోర్డు కట్టినప్పుడు ఈ సంగతి తెలీదా అని అడుగు. 'బయటికి పోదాం' అని తలుపంత అక్షరాలు. గొర్రెలకి గుర్తు వేసే ఎర్రరంగుతో తన చేత్తోనే రాశాడు."

"ఒప్పందం చేసుకుని పోతామన్నారు. లేకుండా పోతామని అప్పుడెవరన్నారు?"

"నూతిలో దూకాక లోతెంత అని అడిగినట్టుంది."

"నా ఓటు నాది నెల్. మళ్ళీ పెట్టినా అదే వేస్తాను. నా గొర్రె చెవికి ఏ బిళ్ళ కుట్టాలో ఎక్కడో కూచున్నవాడు చెప్పడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు."

"ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నాడు."

"ఇల్లు నిలబడే ఉంది."

"ఉంది. నా సగం ఖాళీగా నిలబడి ఉంది."

"ఊరంతా అంతే. ప్రైస్ వాళ్ళ తండ్రీకొడుకులు చర్చిలో కూడా చెరో బెంచీ మీద కూచుంటున్నారు. మనమే నయం, ఒక కుక్కన్నా ఉంది."

"అన్నీ అమ్మేసి పెద్దాయన ఏం చేస్తాడట?"

"టీవీ చూస్తాను."

"ఈయనా? టీవీలో ఏముంటుంది?"

"పార్లమెంటు వస్తుంది. మన మందకన్నా ఎక్కువ అరుస్తారు. పాపం, తోలేవాడు కూడా లేడు వాళ్ళకి."

"నవ్వించకు నెల్. నాకు నవ్వు రావట్లేదు. అదిగో, ఆ నల్లమొహం గొర్రె అంచు వైపు పోతోంది. అన్నా, నీ వెనక. నీ వెనక చూడు."

"చూశాను. కూచో నెల్. కూచో. దాన్నే రానీ. అదీ. విన్నావా నెల్, వీడు నన్ను అన్నా అన్నాడు."

"నీతోనే అన్నాను నెల్. గాలికి అలా వినపడి ఉంటుంది."

"గాలే అయ్యుంటుందిలే."

"ఆ గేటు సంగతి ఇంకా అవలేదు. హంగరీ నుంచి వచ్చిన నా భార్య ఇల్దికో ఆ గేటు తీసుకునే రోజూ పనికి వెళ్ళేది. దిగడం, ఆ ఎర్రక్షరాల మీద చెయ్యేసి గేటు తియ్యడం, కారు దాటించడం, మళ్ళీ దిగి మూయడం. కబేళాలో పశువుల డాక్టరు. మన గొర్రెలు మంచివేనని సంతకం పెట్టేది తనే. ఓట్లు లెక్కపెట్టిన పొద్దున టీ తాగుతూ తనతో ఏమన్నాడో గుర్తుందా అని అడుగు."

"మంచిమాటే అన్నాను."

"'పొమ్మంటున్నది నిన్ను కాదమ్మా, తక్కినవాళ్ళని' అన్నాడు."

"అవును. మనింటి పిల్ల కదా అని ధైర్యం చెప్పాను."

"ఆ తక్కినవాళ్ళలో ఇల్దికో సొంత తమ్ముడున్నాడు నెల్. అదే కబేళాలో కత్తి పట్టుకుని పనిచేసేవాడు. శుక్రవారం శుక్రవారం మన బల్ల దగ్గరే భోంచేసేవాడు. ఆ పూట కూడా వచ్చాడు. తల ఎత్తకుండా తిని వెళ్ళాడు."

"వాడు నాకు అప్పుడు గుర్తు రాలేదు."

"తనకి గుర్తొచ్చాడు. అయినా రెండేళ్ళు ఓర్చుకుంది. ఆ తర్వాత మా పిల్ల లెరిని తీసుకుని హంగరీకి, పుట్టింటికి వెళ్ళిపోయింది. నువ్వూ రా అంది. గొర్రెల్ని వదిలి ఎలా రాను అన్నాను. అన్నయ్యకి తుంటి అరిగిపోయింది, ఒక్కడూ ఈ కొండ తోలలేడు అన్నాను. ఆయనతో నీకు మాటల్లేవు గదా అంది. మాటలు వేరు, గొర్రెలు వేరు అన్నాను."

"అప్పుడే వెళ్ళాల్సింది వీడు."

"ఎవరన్నా వింటే నవ్వుతారు. నేను పోతే ఈయన ఎవరితో ఎక్కేవాడు ఇక్కడికి? నీతోనా? నీకే పళ్ళూడిపోతున్నాయి నెల్."

"పళ్ళంటే గుర్తొచ్చింది. మన లెరికి ముందు పళ్ళు రెండూ వచ్చేశాయి. కొంచెం ఎత్తుగా వచ్చాయి, అచ్చం నాయనమ్మ పళ్ళే."

"ఏంటీ?"

"కుడిపక్క నెల్. కుడిపక్క నుంచి తిరుగు."

"కుక్కని పంపొద్దను. నా కూతురి పళ్ళ సంగతి ఈయనకెలా తెలుసు?"

"ఎవరో అన్నారు."

"ఎవరు?"

"ఊళ్ళో అనుకుంటారు."

"హంగరీలో ఉన్న పిల్ల పళ్ళ గురించి ఈ ఊళ్ళో అనుకుంటారా?"

"ఆదివారాలు ఊళ్ళో సియాన్ వాళ్ళింటికి వెళ్తున్నాను. ఆ అమ్మాయి దగ్గర మనిషి కనిపించే ఫోనుంది."

"ఆదివారాలు చర్చికి అనుకున్నాను."

"చర్చి అయ్యాకే. దేవుడికి చెప్పే వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచీ."

"నాకు చెప్పకుండా."

"నాతో మాట్లాడేవాడైతే చెప్పేవాణ్ణి. ఇంకోటి కూడా చెప్పు నెల్. వీడు ఈ మధ్య ఫోన్ చెయ్యట్లేదట. పిల్ల అడుగుతోంది."

"చెయ్యట్లేదు. పోయినసారి నేను మన భాషలో ఏదో అడిగితే, వాళ్ళమ్మ వైపు తిరిగి 'నాన్న ఏమంటున్నాడు' అంది. నా మాట నా కూతురికి ఇంకొకళ్ళు విప్పి చెప్పాల్సొచ్చింది నెల్. ఏడ్చాను ఆ రోజు. ఇంట్లో ఏడిస్తే గోడ అవతల వినపడుతుందని పాకలోకి పోయి ఏడ్చాను."

"వినపడింది. పాకకి గోడే లేదు."

"అయితే విని కూడా అమ్ముతున్నాడన్నమాట. ఇవి కూడా పోతే నాకేం మిగులుతుందని అడుగు. సరే, ఒక మాట చెప్తాను. ఈ ఏడాది పొట్టేళ్ళని మందలో వదలొద్దు. పిల్లలు పుట్టకపోతే అమ్మేదీ ఉండదు, సుంకమూ ఉండదు. తల్లుల్ని ఉంచుదాం. చలికాలమంతా నేను పాల లారీ నడుపుతాను. దాణా నేను తెస్తాను. ఒక్క ఏడాది. అంతకన్నా ఏమీ అడగను."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"సుంకం."

"పిల్లలే లేకపోతే సుంకం దేనిమీద వేస్తారు?"

"మాటిచ్చేశాను. కొనే మనిషి ఇంగ్లండు నుంచి బయల్దేరాడు."

"వెనక్కి పొమ్మను. నాన్నే ఉంటే..."

"నాన్న ఊసెత్తొద్దని చెప్పు."

"నాన్నే ఉంటే ఆ లారీ చక్రాల కింద పడుకునేవాడు. ఈయన వల్ల నా భార్య వెళ్ళిపోయింది. నా పిల్ల వెళ్ళిపోయింది. ఇప్పుడు గొర్రెలు. నాకంటూ ఏదీ ఉండకూడదని పట్టుబట్టాడా? అడుగు నెల్."

"అడగకు."

"అడగవే."

"అడగకు నెల్. ఇలా రా. నా పక్కన కూచో. ఈ నెలాఖరు దాటితే హంగరీకి వెళ్ళి ఉండిపోవాలన్నా కష్టమట. కాగితాలు, ఆఫీసులు, ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలీదట. సియాన్ చదివి చెప్పింది. ఇప్పుడైతే ఏ అడ్డూ లేదు. సంచి భుజాన వేసుకుని వెళ్ళి తలుపు కొట్టొచ్చు."

"అది నాకూ తెలుసు. కొడితే మాత్రం తను తియ్యొద్దా? రానన్నవాడికి ఎవరు తీస్తారు?"

"తీస్తుంది."

"ఏమన్నాడు నెల్?"

"తీస్తుంది అన్నాను."

"అన్నా."

"ఊఁ."

"కుక్కని వదిలెయ్. నా మొహం చూసి చెప్పు. గొర్రెల్ని ఎందుకు అమ్ముతున్నావు?"

"ఇల్దికోని అడిగానురా, వాణ్ణి రానిస్తావా అని. రానిస్తానంది. 'కానీ ఆ కొండ మీద ఒక్క గొర్రె మిగిలినా ఆయన నా దగ్గర ఉండడు బావగారూ' అంది."