కాడ్మియం డబ్బీలో పిల్లల జుట్టు

మిత్రులారా, ఫ్యాక్టరీ కాలనీ నుంచి మంచులో నడిచొచ్చిన తల్లులారా, ముందు వరసలో కూర్చున్న మా ల్యాబు డైరెక్టర్ గారూ!

మన రైసా మత్వేయెవ్నా పోయింది. ఏడుద్దామనే వచ్చాను. ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండిపోతోంది.

నేను గ్లేబ్‌ని. రియాక్టర్ దగ్గర ఇరవై ఆరేళ్లు ఆవిడకి నమూనాలు సీసాల్లో మూసిచ్చినవాణ్ణి. వాటిమీద న్యూట్రాన్లు పడేసి, లోపల ఏమేం ఉన్నాయో కనిపెట్టేది ఆవిడ.

ఒక ఏడు అడవి నాచులో అల్యూమినియం బోలెడు తేలింది. ఊరంతా ఫ్యాక్టరీని తిట్టిపోసింది. ఆవిడేం చేసింది? మళ్లీ పరీక్షించింది. వేగమైన న్యూట్రాన్లు తగిలితే ఇసుక కూడా అల్యూమినియంలాగే కనబడుతుందట. నాచుకి పట్టింది చాలావరకు రోడ్డు దుమ్మే. తనే ఫ్యాక్టరీకి వెళ్లి "తప్పు నాదే" అని చెప్పొచ్చింది. వాళ్లు కేకు పంపారు. అప్పుడు ఆవిడ గొప్ప శాస్త్రవేత్త, కాదూ డైరెక్టర్ గారూ?

తర్వాత ఈ తల్లులు, బావి నీళ్లలో విషముందేమో చూడమని పిల్లల జుట్టు తెచ్చారు, కవర్ల మీద పేర్లు రాసి. మామూలుగా పెట్టి చూశాం. నెమ్మది న్యూట్రాన్లకి జుట్టులోని సోడియం ఒకటే గోల, ఆ గోలలో ఇంకేదీ వినపడలేదు. "ఆర్సెనిక్ లేదు" అని కాగితం తయారైంది. మూడు సంతకాలు పడ్డాయి. ఆవిడ మాత్రం పెట్టనంది. "వినపడకపోతే లేనట్టేనా, గ్లేబ్? కాడ్మియం డబ్బీ పట్రా" అంది.

కాడ్మియం నెమ్మది న్యూట్రాన్లని మింగేస్తుంది. దాన్ని దాటుకెళ్లిన చురుకైనవాటికి ఆర్సెనిక్ దొరికిపోతుంది. సోడియం గొంతు తగ్గింది. విషం పలికింది. ప్రతి కవరులోనూ పలికింది!

ఆ ఫలితం ఎక్కడికి పోయింది? డైరెక్టర్ గారి సొరుగులోకి. ఆవిడ ఎక్కడికి పోయింది? గేటు బయటికి. పాస్ లాక్కున్నారు కదా! "ముసలిదానికి చాదస్తం" అన్నారు కదా! ఏడు నెలలు రోజూ వచ్చి ఆ గేటు ముందు నిలబడింది. అక్కడే కుప్పకూలింది. ఏడు నెలలూ పిల్లలు ఆ బావి నీళ్లే తాగారు.

నన్నూ తిట్టండి. "లేదు" అన్న కాగితం మీద మూడో సంతకం నాది. ఆవిడ ఫలితం నకలు నా పనిముట్ల పెట్టెలో పెట్టుకుని నోరు మూసుకున్నవాణ్ణి నేనే. ఇదిగో, తెచ్చాను.

ఇక లేవండి. డైరెక్టర్ గారూ, మీరూ లేవండి. ఆవిడ కోసం ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడదాం. రియాక్టర్‌లోంచి తీశాక ఆర్సెనిక్ జాడ ఒక రోజు దాటగానే సగమైపోతుంది. "నడువు గ్లేబ్, ఆగితే సాక్ష్యం పోతుంది" అని తరిమేది నన్ను. అందుకే నిమిషానికి మించి వద్దు. నిమిషం అవగానే కవర్ల మీది పేర్లు చదువుతాను. అవి పూర్తయ్యేదాకా, డైరెక్టర్ గారూ, మీరు కూర్చోకండి.